భారత విమానాశ్రయాల ఆధునికీకరణ: నిధులు, నియంత్రణ, భద్రత

2014లో భారతదేశంలో రాకపోకలు సాగుతున్న విమానాశ్రయాలు 74. పదేళ్లు తిరిగేసరికి ఆ సంఖ్య 150 దాటింది. ప్రభుత్వ ప్రకటనల్లోనూ ఎన్నికల సభల్లోనూ తరచుగా వినపడే లెక్క ఇదే. కానీ విమానాశ్రయమంటే టెర్మినల్ భవనం ఒక్కటే కాదు. రన్‌వే అయిపోయాక వదిలిపెట్టాల్సిన ఖాళీ నేల, విమానం ఎంత ఎత్తులో ఉందో చూపించే రాడార్, ఆ తెర ముందు కూర్చునే కంట్రోలర్, వీటన్నిటినీ తనిఖీ చేసే అధికారి కూడా అందులో భాగమే. ప్రయాణికుడి కంటికి ఆనని ఈ భాగానికి మన దేశంలో డబ్బు ఆలస్యంగా చేరుతూ వచ్చింది. ఎక్కువసార్లు అది పెద్ద ప్రమాదం జరిగాకే చేరింది. అందుకే ఈ వ్యాసంలో టెర్మినళ్లకు తక్కువ చోటు, రన్‌వే చివరకూ కంట్రోల్ గదికీ ఎక్కువ చోటు దక్కాయి.

సంస్థలు

ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు అంతర్జాతీయ విమానాశ్రయాల కోసం 1972లో ఒక సంస్థ ఏర్పడింది. మిగతా విమానాశ్రయాలనూ, దేశమంతటా విమాన రాకపోకల నియంత్రణనూ చూసేందుకు 1986లో మరొకటి వచ్చింది. రెంటినీ కలిపి 1995 ఏప్రిల్ 1న ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాను ఏర్పాటు చేశారు. అందరూ పిలిచే పేరు ఏఏఐ. నియమాలు పెట్టి, లైసెన్సులిచ్చి, తనిఖీలు చేసేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ. విమానాశ్రయాల చార్జీలను నిర్ణయించేందుకు 2008 నాటి చట్టంతో ఏరా అనే ఆర్థిక నియంత్రణ సంస్థ వచ్చింది. ప్రమాదాల దర్యాప్తుకు విడిగా ఏఏఐబీ అనే బ్యూరో మాత్రం 2012లో గానీ ఏర్పడలేదు. అంతవరకూ ఎక్కువ దర్యాప్తులు డీజీసీఏ కనుసన్నల్లోనే సాగేవి. నియమాలు అమలు చేయించాల్సిన సంస్థే తన పర్యవేక్షణలోని లోపాలను కూడా వెతకాల్సిన స్థితి అది. 2020 చట్ట సవరణతో డీజీసీఏకు చట్టబద్ధ హోదా దక్కింది. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది.

ఏఏఐ కనిపెట్టుకుని ఉండాల్సిన గగనతలం దాదాపు 28 లక్షల చదరపు నాటికల్ మైళ్లు. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై ప్రాంతాలుగా దాన్ని విభజించారు. ఇందులో సగానికి పైగా సముద్రమే. అక్కడికి నేలమీది రాడార్ చూపు ఆనదు. బంగాళాఖాతం మీద ఎగిరే విమానం తానెక్కడుందో ఉపగ్రహం ద్వారా చెబుతుంది, కంట్రోలర్ టైపు చేసిన సందేశం పైలట్ ముందున్న తెరమీద కనపడుతుంది.

చర్ఖీ దాద్రీ

1996 నవంబర్ 12 సాయంత్రం సౌదీ అరేబియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747 ఢిల్లీ నుంచి పైకి లేచింది. కజకిస్తాన్ ఎయిర్‌లైన్స్ ఇల్యూషిన్-76 ఢిల్లీలో దిగడానికి ఎదురుగా వస్తోంది. వచ్చే విమానాలకూ పోయే విమానాలకూ అప్పట్లో ఉన్నది ఒకటే దారి, ఎందుకంటే ఢిల్లీ చుట్టూ ఆకాశంలో ఎక్కువ భాగం వాయుసేన అధీనంలో ఉండేది. కంట్రోలర్ సౌదీ విమానాన్ని 14,000 అడుగుల దగ్గర ఆగమన్నాడు. కజక్ విమానాన్ని 15,000 అడుగుల కంటే కిందికి దిగవద్దన్నాడు. ఎదురుగా విమానం వస్తోందని హెచ్చరించాడు కూడా. కజక్ విమానం 15,000 దగ్గర ఆగలేదు. హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర రెండూ ఢీకొన్నాయి. 349 మంది చనిపోయారు. గాలిలో రెండు విమానాలు ఢీకొన్న ప్రమాదాల్లో ఇంతమందిని బలిగొన్నది ప్రపంచంలో మరొకటి లేదు.

ఆ సాయంత్రం కంట్రోలర్ ముందున్న తెరమీద కనపడినవి రెండు చుక్కలు మాత్రమే. అక్కడున్న ప్రైమరీ రాడార్ దూరాన్నీ దిక్కునూ పట్టుకోగలదు గానీ ఎత్తు చెప్పలేదు. విమానంలోని ట్రాన్స్‌పాండర్‌ను అడిగి ఎత్తు తెలుసుకునే సెకండరీ రాడార్ ఏర్పాటు పని అప్పటికే మొదలైంది, వాడుకలోకి మాత్రం రాలేదు. పైలట్ ఏ ఎత్తు చెబితే కంట్రోలర్‌కు అదే ఎత్తు. జస్టిస్ ఆర్.సి. లహోటీ కమిషన్ తప్పు కజక్ సిబ్బందిదేనని తేల్చింది. రేడియోలో మాట్లాడే ఆపరేటర్‌కూ విమానం నడిపే పైలట్‌కూ మధ్య సమన్వయం లేదని, వాళ్ల ఇంగ్లిషు అంతంతమాత్రమని నివేదిక నమోదు చేసింది. అయినా ప్రభుత్వం పాఠాన్ని అక్కడితో ముగించలేదు. రాకకూ పోకకూ వేర్వేరు దారులు ఏర్పడ్డాయి, పెద్ద విమానాశ్రయాలకు సెకండరీ రాడార్లు వచ్చాయి. ఎదురుపడుతున్న విమానాలను తనంతట తానే పసిగట్టి, ఒక పైలట్‌ను ఎక్కమని, మరొకరిని దిగమని హెచ్చరించే టీకాస్ పరికరాన్ని భారత గగనతలంలో ఎగిరే పెద్ద విమానాలకు తప్పనిసరి చేశారు. ఇప్పటివరకూ దేశ వైమానిక భద్రతలో వచ్చిన అతి పెద్ద మార్పు ఇదే. దానికి కావలసిన పరికరాలేవీ కొత్తగా కనిపెట్టినవి కావు. అన్నీ అంతకుముందే ప్రపంచంలో వాడుకలో ఉన్నవే.

గగనతలాన్ని వాయుసేనతో పంచుకునే సమస్య మాత్రం పూర్తిగా తీరలేదు. పౌర విమానాలు స్వేచ్ఛగా వాడుకోగలిగేది గగనతలంలో 60 శాతమేనని 2020 మేలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చెప్పారు. ఆంక్షలు సడలించి విమానాలను నేరు దారిలో పంపితే ఏటా రూ.1,000 కోట్లు ఆదా అవుతుందని అప్పటి అంచనా. సైన్యం వాడని వేళల్లో ఆ దారులు పౌర విమానాలకు తెరిచే విధానం అప్పటినుంచి విస్తరిస్తోంది.

రన్‌వే చివర

పైలట్ పొరపాటు చేస్తాడు. ఎంత శిక్షణ ఇచ్చినా ఎప్పుడో ఒకప్పుడు చేస్తాడు. ఆ పొరపాటు మనుషుల ప్రాణాలు తీయకుండా ఆపేది చాలాసార్లు రన్‌వే చివరనున్న నేలే. దాన్ని రన్‌వే ఎండ్ సేఫ్టీ ఏరియా అంటారు, వాడుకలో రీసా. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాల ప్రకారం కనీసం 90 మీటర్లు ఉండాలి, 240 మీటర్లు ఉంటే మేలు. రన్‌వే దాటి దూసుకొచ్చిన విమానం ఈ నేలమీద వేగం తగ్గి ఆగాలి. చోటు లేనిచోట విమానం బరువుకు నలిగిపోయి చక్రాలను పట్టుకునే ప్రత్యేకమైన కాంక్రీటు పరుపు వేస్తారు. అమెరికాలో ఎన్నో విమానాశ్రయాల్లో ఇది ఉంది.

మంగళూరు, కోజికోడ్ రన్‌వేలు రెండూ కొండ నెత్తిని చదును చేసి కట్టినవి. అంచు దాటితే లోయే. 2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ బోయింగ్ 737 మంగళూరులో 8,033 అడుగుల రన్‌వే మీద సుమారు 5,200 అడుగులు దాటాక నేలను తాకింది. మిగిలింది 2,800 అడుగులు. చివరనున్న ఇసుక మేట దాన్ని ఆపలేకపోయింది. ల్యాండింగ్‌కు దారి చూపే యాంటెన్నాను నిలబెట్టిన కాంక్రీటు దిమ్మెను రెక్క ఢీకొట్టింది, విమానం లోయలో పడి కాలిపోయింది. 166 మందిలో 158 మంది పోయారు. మంగళూరు రాడార్ అంతకు రెండు రోజుల ముందు నుంచి పనిచేయడం లేదు. ల్యాండింగ్ కుదరడం లేదని తెలిసినా కెప్టెన్ విరమించుకోలేదని ఎయిర్ మార్షల్ బి.ఎన్. గోఖలే నాయకత్వంలోని దర్యాప్తు సంఘం తేల్చింది. ఆ మాటతో సరిపెట్టకుండా రన్‌వే చివర నేలను మెరుగుపరచాలని, దారిలో గట్టి కట్టడాలు ఉంచకూడదని, తగిలితే విరిగిపోయే నిర్మాణాలు పెట్టాలని సిఫారసు చేసింది.

మరుసటి ఏడాదే విమానయాన భద్రతా సలహా సంఘం సభ్యుడొకరు కోజికోడ్ రన్‌వే గురించి ప్రభుత్వానికి రాతపూర్వకంగా హెచ్చరించారు. తొమ్మిదేళ్ల తర్వాత, 2020 ఆగస్టు 7 రాత్రి, అదే సంస్థకు చెందిన అదే రకం విమానం, కోవిడ్ కాలంలో దుబాయ్‌లో చిక్కుకుపోయినవారిని తీసుకొస్తూ, వానలో, వెనుక గాలితో కోజికోడ్‌లో దిగింది. 8,858 అడుగుల రన్‌వేలో 4,438 అడుగులు దాటాక నేలను తాకింది. 190 మందిలో 21 మంది చనిపోయారు. ఇక్కడా తప్పు పైలట్ నిర్ణయానిదేనని దర్యాప్తు తేల్చింది. కానీ పదేళ్ల వ్యవధిలో రెండుసార్లు ఒకే తీరున జరిగినదాన్ని పైలట్ల ఖాతాలో మాత్రమే రాయడం న్యాయం కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. కోజికోడ్‌లో రీసాను 240 మీటర్లకు పెంచే పని ప్రమాదం తర్వాతే ఊపందుకుంది. దానికి కేరళ ప్రభుత్వం భూమి సేకరించాల్సి వచ్చింది, ఇళ్లు కోల్పోయేవారికి పరిహారం తేలాల్సి వచ్చింది. కొండ మీద భూమి దొరకదు, లోయను పూడ్చుకుంటూ రావాలి. టెర్మినల్ విస్తరణకు శంకుస్థాపన చేసినంత తేలికైన పని కాదిది.

గగన్

ల్యాండింగ్ సమయంలో పైలట్‌కు దారి చూపే ఐఎల్ఎస్ పరికరాలను ప్రతి రన్‌వేకూ విడిగా బిగించాలి, తరచుగా పరీక్షించాలి. చిన్న ఊళ్లకు అది తలకు మించిన ఖర్చు. దీనికి ఇస్రో, ఏఏఐ కలిసి రూ.774 కోట్లతో తయారుచేసిన జవాబు గగన్. జీపీఎస్ సంకేతాల్లో దొర్లే తప్పులను జమ్మూ నుంచి తిరువనంతపురం, పోర్ట్‌బ్లెయిర్ వరకూ ఉన్న 15 నేల కేంద్రాలు కొలుస్తాయి. ఆ సవరణలను బెంగళూరు, ఢిల్లీ కేంద్రాలు ఉపగ్రహాలకు పంపుతాయి. ఉపగ్రహాలు వాటిని విమానాలకు అందిస్తాయి. సవరణలను ప్రసారం చేసే పరికరాన్ని జీశాట్-8, జీశాట్-10, జీశాట్-15 మోసుకెళ్లాయి.

అమెరికా, ఐరోపా, జపాన్‌లకు అప్పటికే ఇలాంటి వ్యవస్థలున్నాయి. భారత్‌కు వచ్చిన చిక్కు వేరు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉండే మన ఆకాశంలో అయనోస్ఫియర్ అనే పై వాతావరణ పొర నిలకడగా ఉండదు. సూర్యుడి తాకిడికి ఉబ్బి, సాయంత్రాలు చెదిరి, ఉపగ్రహ సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది. ఉత్తర దేశాల కోసం రాసిన లెక్కలు ఇక్కడ సరిపోవు. ఇస్రో శాస్త్రజ్ఞులు ఈ ప్రాంతానికే ప్రత్యేకంగా ఒక నమూనా తయారుచేశారు. దారిలో మార్గనిర్దేశానికి 2013 డిసెంబర్ 30న, ఎత్తు సైతం చూపిస్తూ ల్యాండింగ్‌కు తోడ్పడే స్థాయికి 2015 ఏప్రిల్‌లో ధ్రువీకరణ లభించింది. 2015 జూలైలో నాటి పౌర విమానయాన మంత్రి, విజయనగరానికి చెందిన అశోక్ గజపతిరాజు గగన్‌ను ప్రారంభించారు. 2022 ఏప్రిల్‌లో ఇండిగో సంస్థ ఏటీఆర్ విమానం రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో గగన్ సాయంతో దిగింది. ధ్రువీకరణకూ ఈ ల్యాండింగ్‌కూ మధ్య ఏడేళ్లు. ఆకాశంలో సంకేతం సిద్ధంగా ఉన్నా, దాన్ని అందుకునే పరికరం విమానాల్లో లేకపోవడమే ఇందుకు ప్రధాన కారణం. 2021 జూలై తర్వాత దేశంలో నమోదయ్యే విమానాలకు ఆ పరికరం ఉండాలన్న నియమం అందుకే వచ్చింది.

డబ్బు దారి

విమానాశ్రయాల నిర్మాణానికి కేంద్ర బడ్జెట్ నుంచి నేరుగా వచ్చే మొత్తం చాలామంది అనుకునేదాని కంటే తక్కువ. టికెట్టులో కలిసే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు, విమాన సంస్థలు కట్టే ల్యాండింగ్ రుసుము, మన గగనతలం గుండా పోయే ప్రతి విమానం చెల్లించే మార్గ నావిగేషన్ చార్జీలు ఏఏఐ రాబడికి మూలాలు. 2006లో ఢిల్లీ, ముంబై విమానాశ్రయాలను ప్రైవేటు భాగస్వామ్యానికి అప్పగించాక మరో పెద్ద ధార తోడైంది. ఢిల్లీ రాబడిలో 45.99 శాతం, ముంబై రాబడిలో 38.7 శాతం ఏఏఐకి దక్కేలా ఒప్పందాలు కుదిరాయి. గెలిచినవి రెండూ తెలుగువారు స్థాపించిన సంస్థలే. ఢిల్లీని జీఎంఆర్, ముంబైని జీవీకే తీసుకున్నాయి. ముంబై తర్వాత అదానీ చేతికి వెళ్లింది. 2019లో మరో ఆరు విమానాశ్రయాలకు వేలం జరిగినప్పుడు రాబడి వాటా పద్ధతి పోయి, ఒక్కో ప్రయాణికుడికి ఇంత అని చెల్లించే పద్ధతి వచ్చింది. 2019 నుంచి అయిదేళ్లకు వేసుకున్న పెట్టుబడి లక్ష్యం సుమారు రూ.98,000 కోట్లు. అందులో ఏఏఐ వాటా 25,000 కోట్లు, మిగతాది ప్రైవేటు, భాగస్వామ్య విమానాశ్రయాలది.

ఈ ఏర్పాటులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. ప్రైవేటు సంస్థ పెట్టుబడి పెట్టేది తన విమానాశ్రయంలో. ఆ విమానాశ్రయం ఎవరి చేతిలో ఉన్నా విమానాలను నడిపించే కంట్రోలర్లు, రాడార్లు మాత్రం ఏఏఐ బాధ్యతే. సైనిక విమానాశ్రయాల సంగతి వేరు. విశాఖలో ఐఎన్ఎస్ డేగా నౌకాదళానిది, నియంత్రణ కూడా వాళ్లదే. విశాఖకు పౌర విమానాశ్రయం విడిగా కావాలన్న కోరికే భోగాపురానికి దారితీసింది. దానికి 2019లో ఒకసారి, 2023 మేలో మరోసారి శంకుస్థాపన జరిగింది. లాభం తెచ్చే విమానాశ్రయాలు ఒక్కొక్కటిగా చేతులు మారుతుంటే, లాభం రాని విమానాశ్రయాలనూ దేశవ్యాప్త రాడార్ వ్యవస్థనూ ఏఏఐ దేనితో పోషించాలన్న ప్రశ్నకు ఇంకా స్థిరమైన జవాబు కుదరలేదు. నియంత్రణ విభాగాన్ని ఏఏఐ నుంచి విడదీసి సొంత రాబడిగల సంస్థగా చేయాలన్న ప్రతిపాదన చాలాకాలంగా నానుతోంది.

హైదరాబాద్‌లో నగరం నడుమ ఇరుక్కున్న బేగంపేట నుంచి 2008 మార్చిలో రాకపోకలు శంషాబాద్‌కు మారాయి. అక్కడి ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు. శంషాబాద్ ఒప్పందంలో 150 కిలోమీటర్ల పరిధిలో మరో విమానాశ్రయం రాకూడదన్న నిబంధన ఉంది. నిజాం కాలపు వరంగల్ మామునూరు విమానాశ్రయం తిరిగి తెరుచుకోవడానికి ఏళ్ల తరబడి అడ్డుపడింది అదే. జీఎంఆర్ అభ్యంతరం లేదన్నాక 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతినిచ్చింది. ఖాళీ అయిన బేగంపేటలో ఏఏఐ శిక్షణ కేంద్రం ఉంది. దేశంలో కొత్త కంట్రోలర్లను తయారుచేసే మూడు కేంద్రాల్లో అదొకటి, మిగతావి ప్రయాగ్‌రాజ్, గోందియా.

ఉడాన్

2016 అక్టోబర్‌లో ప్రకటించిన ఉడాన్ పథకం చిన్న ఊళ్లకు విమానాన్ని తెచ్చే ప్రయత్నం. మొదట్లో గంట ప్రయాణానికి సుమారు రూ.2,500 మించని టికెట్లు కొన్ని కేటాయించాల్సి ఉండేది. అందువల్ల విమాన సంస్థకు వచ్చే లోటులో ఎక్కువ భాగం కేంద్రం నిధి నుంచి, 20 శాతం రాష్ట్రం నుంచి భర్తీ అవుతుంది. ఆ నిధి బడ్జెట్‌ది కాదు, పెద్ద మార్గాల్లో ఎగిరే విమానాల మీద వేసే రుసుముతో నిండుతుంది. అంటే కడప ప్రయాణికుడి టికెట్టులో కొంత భాగం హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లేవాళ్లు కట్టినదే. 2017 ఏప్రిల్ 27న ప్రధాని మోదీ సిమ్లా నుంచి జెండా ఊపిన తొలి మార్గాల్లో సిమ్లా-ఢిల్లీ, నాందేడ్-హైదరాబాద్‌తో పాటు కడప-హైదరాబాద్ కూడా ఉంది. నాందేడ్, కడప విమానాలను హైదరాబాద్‌కు చెందిన ట్రూజెట్ నడిపింది. వాడుకలో లేని విమానాశ్రయాల పునరుద్ధరణకు మొదట రూ.4,500 కోట్లు కేటాయించారు.

ఉద్దేశం మంచిదే, రాయలసీమకు దానివల్ల మేలు జరిగింది కూడా. కానీ 2023లో కాగ్ ఇచ్చిన నివేదిక చదివితే మనసు కలుక్కుమంటుంది. మూడో విడత వరకూ కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ల రాయితీ కాలం పూర్తిచేసినవి 112. రాయితీ ఆగిపోయాక, 2023 మార్చి నాటికి, నిలబడినవి 54. విమానాశ్రయం కట్టడానికి డబ్బుంది, అక్కడికి విమానం ఎగరడానికి కావలసిన చిన్న విమానాలు, వాటిని నడిపే పైలట్లు, మబ్బుపట్టిన రోజున దారి చూపే పరికరాలు లేవు. కంటితో చూసి దిగాల్సిన చోట మంచు కమ్మినా వాన ముసిరినా విమానం రద్దవుతుంది. రెండుసార్లు అలా జరిగితే ప్రయాణికుడు మూడోసారి రైలెక్కుతాడు. గగన్ వంటి వ్యవస్థ అవసరం మహానగరాల కంటే ఇలాంటి ఊళ్లకే ఎక్కువ.

తనిఖీ, కంట్రోల్ గది

2014 జనవరిలో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ భారత్ భద్రతా స్థాయిని రెండో తరగతికి దించింది. తనిఖీ చేసే అర్హతగల అధికారులు డీజీసీఏలో చాలినంతమంది లేకపోవడం అందుకు ఒక కారణం. నియామకాలు జరిగాక 2015 ఏప్రిల్‌లో మొదటి తరగతి తిరిగి దక్కింది. 2022లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ జరిపిన తనిఖీలో భారత్ మార్కు 69.95 శాతం నుంచి 85.65 శాతానికి పెరిగింది. ఇది నిజమైన పురోగతి. కానీ 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా 787 కూలి, విమానంలోని 241 మంది, నేలమీద 19 మంది చనిపోయిన తర్వాత పార్లమెంటు స్థాయీ సంఘం డీజీసీఏ లెక్కలు తీస్తే, మంజూరైన 1,063 పోస్టుల్లో నిండినవి 553 మాత్రమే. కంట్రోలర్ల కొరతను కూడా ఆ సంఘం ఎత్తిచూపింది.

అదే ఏడాది నవంబర్ 6, 7 తేదీల్లో ఢిల్లీ కంట్రోల్ కేంద్రంలో సందేశాలు చేరవేసే ఏఎంఎస్ఎస్ వ్యవస్థ మొరాయించింది. ఏ విమానం, ఏ దారిలో, ఏ ఎత్తున, ఎన్ని గంటలకు అని చెప్పే ఫ్లైట్ ప్లాన్ మామూలుగా దాని ద్వారా కంట్రోలర్ తెరమీదికి దానంతటదే వస్తుంది. అది ఆగిపోయేసరికి ఒక్కో విమానం వివరాలనూ కంట్రోలర్లు చేత్తో ఎక్కించాల్సి వచ్చింది. చేత్తో చేసే పనికి వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే విమానాల మధ్య ఎడం పెంచాలి. 800కు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. ఎవరికీ హాని జరగలేదు. ఆ రెండు రోజులూ భద్రతను నిలబెట్టింది ఓపికగా వేగం తగ్గించి పనిచేసిన మనుషులు. ఢిల్లీ, ముంబై కేంద్రాల్లో ఆటోమేషన్ వ్యవస్థలు నెమ్మదిస్తున్నాయని కంట్రోలర్ల సంఘం కొన్ని నెలల ముందే హెచ్చరించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఢిల్లీ చుట్టుపక్కల దిగుతున్న విమానాలకు నకిలీ జీపీఎస్ సంకేతాలు అందాయి. తానున్న చోటును విమానం తప్పుగా లెక్కగట్టే ప్రమాదం ఇందులో ఉంది. ఇలాంటి ఘటనలను తప్పక నివేదించాలని 2023 నవంబర్‌లో డీజీసీఏ ఆదేశించినప్పటి నుంచి కోల్‌కతా, అమృత్‌సర్, ముంబై, హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల నుంచీ నివేదికలు వస్తున్నాయని 2025 చివర్లో పౌర విమానయాన మంత్రి, శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు పార్లమెంటుకు తెలిపారు. ఉపగ్రహాలు వచ్చాయి కదా అని నేలమీది పాత రేడియో పరికరాలను పూర్తిగా తీసేయకుండా, అవసరానికి సరిపడా ఒక కనీస వ్యవస్థను నడుపుతూనే ఉంచాలన్నది ప్రస్తుత విధానం. దానికి ఏటా నిర్వహణ ఖర్చు, పరీక్షించే విమానాలు, పాత పరికరాలు తెలిసిన ఇంజినీర్లు కావాలి. కొత్త గగన్‌కూ పాత ఐఎల్ఎస్‌కూ ఒకేసారి డబ్బు కేటాయించాల్సిన దశలో ఏఏఐ ఇప్పుడుంది.